మంగ్లి రిపోర్టు

చర్ల,
జూన్ 8

భార్గవీ,

పోయిన శనివారం శాంపిళ్ళ డబ్బా మూత తీసి, ఉత్తరం లేదని మొహం ముడుచుకునే ఉంటావు. టవర్ పలకని ఊరికి ఉన్న ఒక్క దారీ బస్సులో పోయే ఈ ఐస్ డబ్బా, అందులోనూ నాలుగు ముక్కలు రాయదేమిటని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. నా మనసు మనసులో లేదు.

సోమవారం పిడుగు పడి మన పక్క ఫొటో స్టూడియో రవికుమార్ కంప్యూటర్ మాడిపోయింది. ఆరేళ్ళ పెళ్ళిళ్ళు అందులోనే ఉన్నాయట. మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంకో దాంట్ల పెట్టుకుంటే అయిపోవు గద అక్కా. రేపు రేపు అనుకుంటనే ఉన్న" అన్నాడు. లోపలికి వచ్చి మన కంప్యూటర్ వంక చూశాను. ఖమ్మం మెయిన్ ల్యాబ్‌లో నీకు ఏసీ, ఇన్వర్టర్, రెండు మిషన్లు. చర్ల బ్రాంచికి ఇది ఒక్కటే. మనిద్దరం కలిసి ల్యాబ్ పెట్టిన నాటి నుంచి పదకొండేళ్ళ రక్త పరీక్షలు దీని కడుపులోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే మంగ్లి వచ్చింది. వరసకు నాకు చెల్లెలు, చిన్నప్పటి నుంచీ తలసేమియా పిల్ల, నెలనెలా రక్తం అక్కర్లేని రకం. ఇప్పుడు ఐదో నెల. నీకు గుర్తుందా, ఎనిమిదేళ్ళ కిందట గ్రూపు కలిసిన రక్తమే ఎక్కిస్తే ఒళ్ళంతా వణికి, మూత్రం నల్లగా పోసి, చావు దాకా పోయి వచ్చింది. గ్రూపు ఒకటే అయినా కొన్ని రకాల రక్తం ఆమెకు పడదని, అవి ఇవీ అని హైదరాబాద్ ల్యాబ్ ఒకటి తేల్చి రిపోర్టు ఇచ్చింది. ఆ ల్యాబ్ మూతపడింది. వాళ్ళింట్లో ఉన్న కాగితాన్ని చెదలు తిన్నాయి. మిగిలింది మన 2016 ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టిన కాపీ ఒక్కటే. కాన్పుకు రక్తం ఎక్కించాల్సి వస్తే డాక్టరుకు అదే ఆధారం. అది పోతే ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది.

మన రిపోర్టులన్నిటికీ ఇంకో కాపీ ఎక్కడో దూరంగా, పిడుగులూ వాగులూ లేని చోట దాచిపెట్టే కంపెనీలు ఉంటాయట కదా. జల్దీ ఒకటి చూడు. నీ నోటికి కంపెనీ వాళ్ళే భయపడాలి, నా వల్ల కాదు.

పూలి


ఖమ్మం,
జూన్ 15

పూలీ,

నా నోటిని మెచ్చుకున్నావా, తిట్టావా? ఏదైతేనేం, ఆ నోటితోనే వారం రోజులు మూడు కంపెనీల వాళ్ళ ప్రాణం తీశాను.

మొదటిది విదేశీ కంపెనీ. పేరు గొప్ప. ఫోన్ ఎత్తే మనిషి లేడు. ఏది అడిగినా మెయిల్ రాయమంటారు. అది వదిలేద్దాం.

రెండోది బెంగళూరు వాళ్ళది. నెట్ సరిగా లేని చోటయితే మొదటి కాపీ మొత్తం ఒక డిస్కులో పెట్టి పార్శిల్ చేయమంటారు, వాళ్ళే ఎక్కించుకుంటారు. మన దగ్గర పొరపాటున చెరిగిపోయిన ఫైలు కూడా వాళ్ళ దగ్గర ఏడేళ్ళు ఉంటుంది. అంతా బాగుంది కానీ వంద ప్రశ్నలు, ఇరవై కాగితాలు, నెలన్నర పని.

మూడోది మా అనిల్‌కుమార్ బావ పనిచేసే కంపెనీ. ఒక్క రోజులో మొదలు. మన కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ చూపిస్తే అందులో ఏముంటే అది అక్కడికి పోతుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, కాకపోతే ముప్ఫై రోజులు ఆగి పోతుంది. మనమేం తీసేస్తాం కనుక? ఎర్రుపాలెం నుంచి అమ్మ ఫోన్ చేసి ఒకటే సణుగుడు. "అయినవాళ్ళని కాదని బెంగళూరు వాళ్ళకి ఇస్తావుటే? రేపు మీ అత్తయ్య మొహం ఎలా చూడను?" అంది. నేనూ ఆలోచించాను. ఏదైనా తేడా వస్తే బావనైతే అర్ధరాత్రి లేపి అడగొచ్చు.

బావనే ఖాయం చేశాను. పొద్దున డబ్బాతో పాటు వాళ్ళ మనిషి వస్తాడు, నీ కంప్యూటర్‌లో అన్నీ పెట్టి వెళతాడు. పాత ఏళ్ళ నుంచి మొదలై వరసగా ఎక్కుతుంది. నువ్వు చేయాల్సింది నెట్ తెగకుండా చూడటమే.

భార్గవి


చర్ల,
జూన్ 29

భార్గవీ,

నెట్ తెగకుండా చూడటమే అని రాశావు. ఎంత తేలిగ్గా రాశావు తల్లీ. నువ్వొక్కసారి వచ్చి చూడు.

తొమ్మిది రోజుల్లో మూడో వంతు ఎక్కింది. వాన చినుకు పడితే ఆగేది, కరెంటు పోతే ఆగేది. ఆటో రూప్లా, "మేడం, క్యాంపు కాడ సిగ్నల్ మంచిగుంటది, ఆడికి తీస్కపోదం పట్టు" అన్నాడు. సరేనని కంప్యూటర్ డబ్బా దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టి, పోలీసు క్యాంపు ఎదురు టీ కొట్టులో ప్లగ్గు అడుక్కుని కూర్చున్నాను. గంట కాలేదు. ఇద్దరు జవాన్లు వచ్చారు.

"ఏంది పంపుతున్నవ్? ఎక్కడికి పంపుతున్నవ్?"

"రక్తం రిపోర్టులు సార్. దాచిపెట్టే కంపెనీకి."

"ఎక్కడుంటది ఆ కంపెనీ?"

నాకేం తెలుసు ఎక్కడుంటుందో. మీ బావ చెప్పలేదు, నేను అడగలేదు. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు బారెడు లిస్టు తెర మీద కదులుతుంటే వాళ్ళకు అనుమానం రాదా? మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోబెట్టారు. ల్యాబ్ లైసెన్సు తెప్పించి చూసి, ఇంకోసారి ఇక్కడ కనబడొద్దని పంపించారు. రూప్లా ఆ రోజు నుంచి నాకు ఆటో కట్టడం లేదు.

మీ బావ మనిషి రోజూ ఫోన్. టవర్ దొరికితే చాలు, "అయిందా మేడం, ఈ నెలాఖరుకి మా లెక్కలో పూర్తయిందని రాయాలి" అంటాడు. నాకూ విసుగొచ్చింది. మొత్తానికి మొన్న గురువారం పచ్చ టిక్కు పడింది. ఎట్లా పడిందో అడగకు. అయిపోయింది, అంతే.

పూలి


ఖమ్మం,
జూలై 6

పూలీ,

పోలీసుల సంగతి చదివి మా ఆయన నవ్వాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకెప్పుడూ అలాంటి సాహసాలు చేయకు.

నీ పచ్చ టిక్కు ఇక్కడ నా తెర మీదా కనిపించింది. దాచినదాన్ని అక్కడి నుంచి తిరిగి తెప్పించి కూడా చూశాను. అంతా క్షేమంగా ఉంది. మంగ్లి రిపోర్టు గురించి ఇక బెంగ పెట్టుకోకు. ఆ పిల్లకు ఐరన్ కాదు, ఫోలిక్ మాత్రలు ఇస్తున్నారో లేదో కనుక్కో. తలసేమియా వాళ్ళకు ఐరన్ ఊరికే ఇవ్వకూడదు, నీకు తెలియంది కాదు.

భార్గవి


చర్ల,
ఆగస్టు 11

భార్గవీ,

శనివారం దాకా ఆగే పని కాదు. ఇది ట్రాక్టర్ మీద దుమ్ముగూడెం దాకా వచ్చి, అక్కడ బస్సెక్కుతుంది. టవర్ పడిపోయి నాలుగు రోజులైంది.

వాగు ల్యాబ్‌లోకి వచ్చింది. నడుం లోతు నీళ్ళు. ఫ్రిజ్ తేలింది, కంప్యూటర్ మునిగింది. డబ్బా విప్పితే బురద కారింది. అది పోతే పోయిందనుకుందాం. గోరుచుట్టు మీద రోకటిపోటు, మంగ్లికి నాలుగు రోజుల నుంచి జ్వరం. ఏడో నెల. నిన్న చేతి మిషన్‌తో చూస్తే రక్తం నాలుగున్నర దగ్గర ఉంది. పెదవులు సున్నం రాసినట్టున్నాయి. లేచి కూర్చోలేదు. రేపు నీళ్ళు తగ్గితే ట్రాక్టర్‌లో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతాం. రక్తం ఎక్కించక తప్పదని ఇక్కడి డాక్టరు చెప్పాడు. పాత రిపోర్టు లేకుండా ఎక్కించొద్దని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

2016 ఫోల్డర్‌లో ఆమె పేరు మీద ఉంటుంది. మీ బావను పట్టుకుని వెంటనే తెప్పించు. ప్రింట్ తీసి భద్రాచలం బస్సుకు ఇవ్వు. డ్రైవర్ చేతికే ఇవ్వు.

2016 ఉందో లేదో ముందు చూడు. ఉంటుందిలే. చూడు.

పూలి


ఖమ్మం,
ఆగస్టు 12

పూలీ,

2016 లేదు. 2022 ముందువి ఒక్కటీ లేవు.

బావను ఆఫీసులోనే కూర్చోబెట్టి చూపించమన్నాను. వాళ్ళ పుస్తకంలో అంతా రాసి ఉంది. మొదట ఎక్కిన మూడో వంతులో 2016 కూడా ఉందట. మంగ్లి రిపోర్టు వాళ్ళ దగ్గరికి చేరిందట. జూన్ 27న చర్ల కంప్యూటర్ నుంచే పాత ఏళ్ళన్నీ తీసేశారట. ముప్ఫై రోజులు చూసి, జూలై 27న అక్కడా చెరిపేశారట. "మేం చెప్పినట్టే చేశాం భార్గవీ, కాగితంలో ఉంది కదా" అన్నాడు. ఉంది. నేనే నీకు రాశాను కూడా.

ఏం చేశావు పూలీ? ఎందుకు తీశావు? ఒక్క ముక్క నాతో చెప్పి ఉంటే ఏమయ్యేది?

నిన్ను అనే ముందు నా సంగతీ చెప్పాలి. తిరిగి తెప్పించి చూశానని రాశాను. ఈ సంవత్సరం ఫైలు ఒక్కటి తెప్పించాను, తెరుచుకుంది, అంతా క్షేమం అని రాసేశాను. మంగ్లి పేరు కొట్టి వెతికి ఉంటే ఆ రోజే దొరికిపోయేది. అప్పటికి ఇంకా మూడు వారాల గడువుంది. రెండు నిమిషాల పని.

తడిసిన డిస్కు ఈ డ్రైవర్ చేతికే ఇచ్చి పంపు. హైదరాబాద్‌లో బాగుచేసే వాళ్ళున్నారు. మూడు వారాలు పడుతుందట, వస్తుందని మాట ఇవ్వలేమన్నారు.

భార్గవి


భద్రాచలం,
ఆగస్టు 13

భార్గవీ,

ఇక్కడ ఫోన్ పలుకుతుంది. అయినా రాస్తున్నాను. నీ గొంతు వింటే సగం చెప్పి సగం మింగేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

క్యాంపు దగ్గర నుంచి వచ్చిన రోజు, బరువు తగ్గిస్తే మిగతాది తొందరగా ఎక్కుతుందని పాత తొమ్మిదేళ్ళూ ఆ ఫోల్డర్‌లో నుంచి తీసి పక్కన ఇంకో ఫోల్డర్‌లో పెట్టాను. తీసేయడం అనుకోలేదు, పక్కకు జరపడం అనుకున్నాను. అంతకు ముందు ఎక్కింది ఎక్కినట్టే ఉంటుందనుకున్నాను. వారానికి ఒక ఏడాది చొప్పున మళ్ళీ కలుపుదామనుకున్నాను. ఒక్క వారం కూడా కలపలేదు. పచ్చ టిక్కు పడింది కదా అని ఊరుకున్నాను. ముప్ఫై రోజుల మాట నీ ఉత్తరంలో చదివాను, నాకు కాదులే అనుకున్నాను. పోలీసులు నన్ను కూర్చోబెట్టినందుకు నీ మీద కోపంగా కూడా ఉండింది, అందుకే చెప్పలేదు. అదీ నిజం.

రాత్రి మంగ్లిని చేర్పించి, రిపోర్టు చేతికొచ్చాకే డాక్టరుతో చెబుదామని నేను బస్టాండులో కాచుకున్నాను, నీ ఉత్తరం పొద్దున బస్సులో అందింది. చదివి వార్డులోకి వెళ్ళేసరికి మనకు తెలిసిన నర్సు సరళ రక్తం సంచి స్టాండుకు తగిలిస్తున్నది. డాక్టర్ నాగచైతన్య చిన్నవాడు, నెమ్మదస్తుడు. గ్రూపు కలిసిందన్నాడు. కొత్త పరీక్షలో పడనిదేమీ కనిపించలేదన్నాడు. మంగ్లి స్పృహలో లేదు. "ఇంతకు ముందు రక్తం ఎక్కించినప్పుడు ఏమైనా అయిందా?" అని ఆమె మొగుడు బలరాంను అడిగాడు.

"నాకు తెల్వద్సార్. మా లగ్గమై మూడేండ్లే" అన్నాడు బలరాం. తల్లి లేదు చెప్పడానికి.

చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. తలుపు దగ్గర నిలబడ్డాను. నీ దగ్గర దాచను. నోరు మూసుకుందామనిపించింది. పడని రక్తం మీద ఒంట్లో పుట్టిన పగ ఎనిమిదేళ్ళయితే పరీక్షకు కనబడకుండా దాక్కుంటుందని నాకు తెలుసు, పడని రక్తం మళ్ళీ లోపలికి పోతే లేస్తుందనీ తెలుసు. కానీ ఈ సంచిలోది పడేదే కావచ్చు కదా. ఎక్కిస్తే ఈ గంటలో బతుకుతుంది. ఆపితే ఎన్ని రోజులు ఆగాలో, ఆగగలదో లేదో. పైగా చెప్తే, రిపోర్టు ఏదని అడుగుతారు.

సరళ గొట్టం మీద చెయ్యి వేసింది.

"ఆగు సరళా. ఎక్కియ్యకు" అన్నాను. "సార్, ఈమెకు పడని రక్తం ఉన్నది. ఎనిమిదేండ్ల కింద చావుబతుకుల మీద పోయొచ్చింది. నేనే చూసిన. అది ఏ రకమో నాకు యాదికి లేదు."

"దానికి రిపోర్టు ఉండాలి కదమ్మా?"

"ఉండె సార్. నా చేతులనే పోయింది."

డాక్టర్ సంచి దించమన్నాడు. బలరాం నా మొహం వంక చూశాడు. "పాత కాగితాలన్నీ నీ కాడనే ఉన్నయంటివి గద అక్కా. ఏం రంది పెట్టుకోకు అంటివి గద" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆమె శాంపిల్ ఈ డబ్బాలో ఉంది. హైదరాబాద్ పెద్ద బ్లడ్ బ్యాంకులో అన్ని రకాలూ విడివిడిగా చూసి సరిపోయే రక్తం వెతకాలట. మూడు రోజులు పట్టొచ్చట. భార్గవీ, ఎవరికీ అప్పగించకు. నువ్వే తీసుకుపో. చర్ల నుంచి వెంట తెచ్చిన తడిసిన డిస్కు కూడా పెట్టాను.

పూలి


హైదరాబాద్,
ఆగస్టు 16

పూలీ,

రెండు సంచులు దొరికాయి. ఈ డబ్బాలో ఉన్నాయి. నిన్న సెలవని సగం మంది రాలేదు. కౌంటర్ దగ్గర నిలబడి అరిచాను, బతిమిలాడాను, చివరికి ఏడ్చాను. ఒక పెద్దాయన కదిలి లోపలికి తీసుకెళ్ళాడు. ముప్ఫై ఒక్క సంచులు చూస్తే రెండు కలిశాయి.

నువ్వు ఆపించిన సంచిలోంచి కొంచెం రక్తం సరళను అడిగి తెప్పించాను, ఇక్కడ అదీ చూశారు. అందులో ఈ పిల్లకు లేని రకం ఉందట. అలాంటి దానికే ఒంటికి పగ పుడుతుందన్నారు. ఎక్కించి ఉంటే ఏమయ్యేదో నువ్వే అర్థం చేసుకో.

మీ కంపెనీ ఇక వద్దని బావకు కాగితం రాసి ఇచ్చేశాను. అమ్మ మాట్లాడటం లేదు, మానేయనీ. బెంగళూరు వాళ్ళతో మాట్లాడాను. ఈసారి ఇరవై కాగితాలూ చదివాను. నా డబ్బు తీసుకునే ముందు నేను అడిగిన మనిషి ఫైలు, నేను అడిగిన ఏడాదిది, నా కళ్ళ ముందు తిరిగి తెచ్చి చూపించాలని అన్నాను. నెలకోసారి అట్లాగే చూపించాలన్నాను. ఒప్పుకున్నారు. చూడటం మాత్రం ఈసారి మనిద్దరం చూద్దాం, ఒక నెల నువ్వు, ఒక నెల నేను.

ఆ పిల్ల ఎలా ఉంది? ఫోన్ చేస్తే ఎత్తడం లేదు నువ్వు.

భార్గవి


చర్ల,
ఆగస్టు 31

భార్గవీ,

ఫోన్ ఎందుకు ఎత్తలేదో నీకు ఈపాటికి సరళ చెప్పే ఉంటుంది. నువ్వు కౌంటర్ దగ్గర ఏడుస్తున్న రోజే, పదిహేనో తారీఖు పొద్దున, మంగ్లికి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. ఏడవలేదు. నీ సంచులు మర్నాడు సాయంత్రం వచ్చాయి. రెండూ ఎక్కించారు, ఒంటికి పడ్డాయి. మంగ్లి బతికింది.

రెండు రోజుల ముందు రక్తం ఎక్కి ఉంటే ఆ బిడ్డ బతికేదా అని డాక్టర్ నాగచైతన్యను అడిగాను. "చెప్పలేమమ్మా. బతికేదనీ అనలేను, బతకదనీ అనలేను" అన్నాడు. అబద్ధమైనా ఒకటి చెప్పి ఉంటే పట్టుకుని కూర్చునేదాన్ని.

మూడు వారాలన్న డిస్కు హైదరాబాద్ నుంచి ముందే నా దగ్గరికి వచ్చింది. లోపల ఇసుక గీతలు పడ్డాయట, ఏమీ రాలేదు.

మొన్న వాళ్ళ ఇంటికి పోయాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. బలరాం లేచి చేనుకు పోయాడు. మంగ్లి మంచం మీద కూర్చుని ఉంది. ఇంకా నీరసం, కానీ పెదవులకు రంగొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాత ఏళ్ళు పక్కకు జరిపింది నేనేననీ, నీకు చెప్పలేదనీ, నువ్వు చూడకుండానే చూశానని రాశావనీ, కంపెనీకి ముప్ఫై రోజుల గడువుందనీ, ఇప్పుడు బెంగళూరు వాళ్ళు ఏడేళ్ళు దాస్తారనీ. నేను చెప్పుకుంటూ పోతుంటే ఆ పిల్ల వింటూ ఉంది. తిడుతుందనుకున్నాను. కాళ్ళు పట్టుకుందామనే పోయాను.

అంతా విని, మా లంబాడీ మాటల్లో ఒకటే అడిగింది. తెలుగులో రాస్తే ఇట్లుంటుంది: "నా నెత్తురు ముచ్చట మీ కంప్యూటర్‌ల పెట్టిండ్రు. ఆ కంపెనీల పెట్టిండ్రు. ఇప్పుడు బెంగళూర్‌ల పెడతమంటున్నవ్. నా కాడ ఎందుకు పెట్టలేదక్కా?"

చెదలు తిన్న కాగితానికి బదులు ఇంకోటి తీసి ఇవ్వడానికి ఒక్క నిమిషం పట్టేది. ఎనిమిదేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు. తండా వాళ్ళ చేతిలో కాగితం నిలవదు, మన దగ్గరే భద్రం అనుకున్నాను. తండాలో పుట్టినదాన్నే నేను.

బెంగళూరు వాళ్ళ కాగితాల మీద నా సంతకం చేసి పంపుతున్నాను. అది కావాలి, వద్దనను. కానీ అది తర్వాత. హైదరాబాద్ వాళ్ళు మంగ్లి రక్తంలో ఏమేం ఉన్నాయో తేల్చిన కొత్త రిపోర్టు నీ దగ్గరుంది కదా. దాన్ని రెండు కాపీలు తీసి, నీళ్ళు పోని ప్లాస్టిక్‌లో వేయించి శనివారం డబ్బాలో పెట్టు. తలసేమియా వాళ్ళు మన దగ్గర ఇంకా నూట పన్నెండు మంది ఉన్నారు. పేర్లు నా నోటికి వచ్చు, ఊళ్ళు తెలుసు. ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ పరీక్ష చేస్తాను, రిపోర్టు వాళ్ళ చేతికే ఇస్తాను.

ఇక్కడ ప్రింటర్ కూడా మునిగింది. ముందు ప్రింటర్ పంపు.

పూలి